జాన్ డీర్ 110కి పాతకాలం హిచ్ ప్లేట్ మనమే చేసుకుందాం

1963లో వచ్చిన ఈ చిన్న ట్రాక్టర్‌కి ఒరిజినల్ హిచ్ ప్లేట్ (వెనక ట్రాలీ లాంటివి తగిలించే ఇనుప పలక) దొరక్కపోతే, ఎవరి దగ్గరైనా ఉన్నది ఒక్కరోజు అడిగి తెచ్చుకుని అట్టముక్క మీద పెట్టి గీసేయండి. బోల్ట్ రంధ్రాల దూరం మాత్రం మధ్య నుంచి మధ్యకి కొలవొద్దు, తప్పుతుంది, రెండూ ఒకే సైజైతే ఒకదాని ఎడమ అంచు నుంచి రెండోదాని ఎడమ అంచుకి కొలిస్తే కరెక్టుగా వస్తుంది.

పావు అంగుళం మైల్డ్ స్టీల్ తీసుకుని గ్రైండర్‌తో కోసి, రంధ్రం రావాల్సిన చోట సెంటర్ పంచ్‌తో (మొనదేలిన ఉక్కు కడ్డీ) చిన్న గుంట కొట్టి, ముందు సన్న బిట్‌తో, తర్వాత అసలు సైజుతో, నూనె వేస్తూ నిదానంగా డ్రిల్ చేయండి. అంచులు ఫైల్‌తో నున్నగా రుద్దాలి, పాత ప్లేట్ మూలల గుండ్రం అలాగే రావాలి, నాకైతే అందమంతా అక్కడే.

ప్రైమర్, తర్వాత గ్రీన్ పలచగా రెండు మూడు కోట్లు. లోపలివైపు మీరు చేసిన సంవత్సరం పంచ్ చేయండి, రేపు ఎవరూ దీన్ని ఒరిజినల్ అని అమ్మకూడదు.