బొగ్గు గనిలో దుమ్ము పేలుడు పాకకుండా స్టోన్ డస్ట్ చల్లడం ఎలా: కూరియేర్ 1906 చెప్పే లెక్కలు

ఉత్తర ఫ్రాన్సులోని కూరియేర్ గనుల్లో 1906 మార్చి 10 ఉదయం ఆరున్నర దాటాక జరిగిన పేలుడులో 1,099 మంది చనిపోయారు. యూరప్ గనుల చరిత్రలో అంతటి ప్రమాదం మరొకటి లేదు. అక్కడ గ్యాస్ (మీథేన్) పెద్దగా లేదన్న నమ్మకంతో మూత లేని దీపాలు వాడేవారు. మొదటి నిప్పు ఎక్కడ రాజుకుందో ఖాయంగా తేలలేదు. కొద్ది రోజులుగా సెసిల్ అనే బొగ్గు పొరలో మంట కాలుతోంది, దాన్ని మూసేయడానికి గోడలు కడుతున్నారు. మందు పేల్చిన మరో చోటు మీదా అనుమానం ఉంది. తేలింది మాత్రం ఒకటి: ఆ నిప్పును ఒక బావి నుంచి ఇంకో బావికి, దాదాపు 110 కిలోమీటర్ల సొరంగాల్లోకి మోసుకెళ్ళింది బొగ్గు దుమ్మే. గ్యాస్ తోడు లేకుండా ఉత్త దుమ్ము అంత దూరం పాకదని అప్పటి ఫ్రెంచి ఇంజనీర్లు అనుకునేవారు.

అందుకే గ్యాస్ ఎంత జాగ్రత్తగా చూసినా దుమ్ము పని విడిగా, ప్రతి షిఫ్టులో జరగాలి.

ముందు ఎంత దుమ్ము ప్రమాదమో చూడండి. ఘనపు మీటరు గాలిలో సుమారు 50 గ్రాముల సన్న బొగ్గు దుమ్ము లేస్తే మంట పాకగలదు. 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గ్యాలరీలో (గని సొరంగంలో) మీటరు పొడవుకు 12 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది, అంటే 600 గ్రాముల దుమ్ము చాలు. దాన్ని కప్పు, పక్కలు, ఫ్లోరు మీద పరిస్తే కాగితమంత మందం కూడా రాదు. కంటికి శుభ్రంగా కనిపించే గ్యాలరీని నమ్మకూడదని ఈ లెక్క చెబుతోంది.

విరుగుడు స్టోన్ డస్ట్, అంటే సున్నపురాయి పొడి. పేలుడు గాలికి అది కూడా బొగ్గు దుమ్ముతో పాటు లేచి, మంట వేడిని తాగేస్తుంది. పొడిలో సిలికా చాలా తక్కువ ఉండాలి, లేకపోతే చల్లేవాళ్ళ ఊపిరితిత్తులు పాడవుతాయి. పొడి మెత్తగా ఉండాలి. అమెరికా నిబంధన ప్రకారం అంతా 20 మెష్ (అంగుళానికి 20 కళ్ళున్న) జల్లెడలో దిగాలి, 70 శాతమైనా 200 మెష్‌లో దిగాలి. చెమ్మ తగిలి గడ్డకట్టిన పొడి పేలుడు గాలికి లేవదు, కాబట్టి అది ఉన్నా లేనట్టే. గుప్పెడు తీసుకుని ఊదండి. ఎగరకపోతే వాడొద్దు.

ఎంత చల్లాలి? అమెరికాలో బొగ్గు దుమ్ము, పొడి కలిసిన మిశ్రమంలో మండని పదార్థం 80 శాతం ఉండాలి. మన నిబంధనల్లో వోలటైల్ (వేడికి ఆవిరై పోయే భాగం) 30 శాతం దాటిన బొగ్గుకు 85 శాతం. బొగ్గు దుమ్ములో బూడిద, తేమ కలిపి 20 శాతం ఉన్నాయనుకుందాం. 80 శాతం రావాలంటే కిలో దుమ్ముకు 3 కిలోల పొడి పడుతుంది. 85 శాతానికి 4.3 కిలోలు కావాలి. చివరి అయిదు శాతానికే కిలోకు పైగా అదనం. స్టోరు ఇండెంట్ రాసేటప్పుడు చాలామంది తక్కువ వేసేది ఇక్కడే. గాలిలో మీథేన్ ఉంటే ఇంకా పెంచాలి. అమెరికా నియమం గాలిలోని ప్రతి 0.1 శాతం మీథేన్‌కు మండని పదార్థం 0.4 శాతం ఎక్కువ అడుగుతుంది.

చల్లే ముందు పాత బొగ్గు దుమ్మును ఊడ్చి, తడిపి, బయటికి పంపండి. సపోర్టుల పైభాగం, బార్ల మీద, కన్వేయర్ కింద చేయి పెట్టి మరీ చూడండి. అన్నిటికన్నా సన్నని దుమ్ము అక్కడే ఉంటుంది, మొదట లేచేదీ అదే. తర్వాత కప్పు, పక్కలు, ఫ్లోరు మూడింటి మీదా చల్లాలి. ఫ్లోరు ఒక్కటే తెల్లగా చేసి వదిలేయడం మనం తరచూ చూసే తప్పు. చల్లే మనిషి గాలి వచ్చే వైపు నిలబడాలి, గాలి బయటికి పోయే రిటర్న్ వైపు ఎవరూ ఉండకూడదు, ముక్కుకు మాస్క్ తప్పదు. నీళ్ళు కొట్టడం సాయమే కానీ అది స్టోన్ డస్ట్‌కు బదులు కాదు. సన్న బొగ్గు దుమ్ము నీటిని సరిగ్గా పీల్చదు, తడిసినా వెంటిలేషన్ గాలికి త్వరగా ఆరిపోతుంది.

శాంపిల్ తీసేటప్పుడు పైనున్న 3 మిల్లీమీటర్ల పొరే తీయండి. లోతుగా తవ్వితే కింద ఉన్న పాత తెల్ల పొడి కలిసి ఫలితం మంచిగా వస్తుంది, పైన నిన్న పడిన నల్ల పొర దాగిపోతుంది. కప్పు, పక్కలు, ఫ్లోరు శాంపిళ్ళను కలపకుండా విడివిడిగా పంపండి.

ఇక బ్యారియర్లు, అంటే పేలుడు మంటను దారిలో ఆపే అడ్డంకులు. కూరియేర్ తర్వాత ఫ్రాన్సులో లియెవాఁ దగ్గర 1907లో పెట్టిన ప్రయోగ కేంద్రంలో తఫనెల్ అనే ఇంజనీరు వీటిని పరీక్షించాడు. కప్పు కింద వదులుగా పెట్టిన పలకల మీద పొడి పోస్తారు. పేలుడు గాలి మంటకన్నా ముందు వచ్చి పలకను తోసేస్తుంది, మంట చేరేసరికి పొడి గాలిలో ఉంటుంది. గ్యాలరీ అడ్డుకోత చదరపు మీటరుకు తేలిక బ్యారియర్‌కు సుమారు 100 కిలోలు, బరువు బ్యారియర్‌కు సుమారు 400 కిలోలు. పైన చెప్పిన గ్యాలరీకి బరువుది 4.8 టన్నులు. నీటి తొట్లయితే చదరపు మీటరుకు 200 లీటర్లు. నిప్పు పుట్టే అవకాశమున్న చోటికి మరీ దగ్గరగా పెడితే గాలికీ మంటకూ మధ్య వ్యవధి చాలదు. మరీ దూరమైతే మంట వచ్చేలోపే పొడి కింద పడిపోతుంది.

పలకలను మేకులతోనో తీగతోనో బిగించకండి. కదలకుండా ఉంటే బాగుంటుందని కట్టేసిన బ్యారియర్ పేలుడు రోజున పనికిరాదు. వారానికోసారి పొడి గట్టిపడిందేమో వేలితో గుచ్చి చూసి, పైన పేరుకున్న బొగ్గు దుమ్ము తీసేసి, తగ్గినంత మళ్ళీ పోయండి. ఫేస్ (బొగ్గు తవ్వే చోటు) ముందుకు జరిగితే బ్యారియర్‌ను కూడా వెంట జరపాలి.