రిటైరైన టీచర్లు సముద్రతీరంలో రోజులు, షికార్లు ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ఏళ్ల తరబడి గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చున్న ఒళ్లు రిటైర్మెంట్ ఆర్డరు చేతికి రాగానే మారిపోదు. పొద్దున తొమ్మిదయ్యేసరికి ఏదో మర్చిపోయినట్టు ఉంటుంది. ఆదివారానికీ సోమవారానికీ తేడా పోతుంది. కనిపించినవాళ్లంతా "ఇక హాయిగా రెస్ట్ తీసుకోండి మాస్టారూ" అంటారు. ఆ రెస్ట్ కొన్నాళ్లే హాయిగా ఉంటుంది.

సముద్రం దగ్గర ఉండే టీచర్లకు ఒక సౌకర్యం ఉంది. అక్కడ టైంటేబుల్ ముందే వేసి ఉంటుంది. అదే ఆటుపోట్ల పట్టిక. షికార్లను దానికి ముడిపెడితే రోజులు మళ్లీ గాడిలో పడతాయి. ఎలాగో చూద్దాం.

ముందు ఒక నెల రాసుకోండి

మీకు దగ్గరలోని ఓడరేవు పేరుతో ఆటుపోట్ల పట్టిక దొరుకుతుంది. ఫోన్ యాప్‌లలోనూ ఉంటుంది. నీరు పైకి రావడం పోటు, వెనక్కి తగ్గడం ఆటు. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. నీరు పూర్తిగా పైకొచ్చిన వేళకూ పూర్తిగా తగ్గిన వేళకూ మధ్య సుమారు 6 గంటల 12 నిమిషాలు. ఇవాళ ఉదయం 6 గంటలకు నీరు బాగా తగ్గితే రేపు సుమారు 6.50కి, ఎల్లుండి 7.40కి తగ్గుతుంది. భూమి ఒక చుట్టు తిరిగేలోపు చంద్రుడు తన దారిలో కాస్త ముందుకు జరిగి ఉంటాడు. ఆయన్ని అందుకోవడానికి భూమికి ఇంకో 50 నిమిషాలు కావాలి.

ఒక నోట్‌బుక్ తీసుకుని అటెండెన్స్ రిజిస్టరులా గీతలు గీయండి. ఈ పని మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. తేదీ, తిథి, నీరు తగ్గిన టైము, నీటి అంచు ఎంత దూరం వెళ్లింది, గాలి ఎటు నుంచి వీస్తోంది, అంతే. దూరానికి టేపు అవసరం లేదు. కదలని గుర్తు ఒకటి చూసుకుని, ఉదాహరణకు ఒక రాయో గోడో, అక్కడి నుంచి నీటి అంచుదాకా అడుగులు లెక్కపెట్టండి.

నెల తిరిగేసరికి రెండు సంగతులు బయటపడతాయి. పౌర్ణమి, అమావాస్యలు దాటిన ఒకటి రెండు రోజుల్లో నీరు అన్నిటికన్నా ఎక్కువగా పైకొస్తుంది, ఎక్కువగా వెనక్కి తగ్గుతుంది. అష్టమి దాటాక ఆ తేడా బాగా తక్కువ. రెండోది ఇంకా పనికొచ్చే సంగతి. మీ తీరంలో పౌర్ణమినాడు నీరు ఏ వేళకు తగ్గుతుందో అమావాస్యకూ దాదాపు అదే వేళకు తగ్గుతుంది, ఏడాది పొడవునా. ఆ ఒక్క టైము పట్టుకున్నారంటే గోడమీద క్యాలెండర్ చూసి నెల షికార్లకు చిత్తు ప్రణాళిక వేసేయొచ్చు. బయల్దేరే రోజున మాత్రం పట్టిక చూసి ఖాయం చేసుకోండి.

పట్టికలో ఎత్తు 0.3 మీటర్లని ఉంటే అది సగటు సముద్రమట్టం నుంచి కాదు, ఓడల భద్రత కోసం పెట్టుకున్న కనిష్ఠ మట్టం నుంచి కొలిచింది. నీరు ఆ మట్టంకన్నా కిందికి తగ్గే రోజుల్లో మైనస్ అంకెలు కనిపిస్తాయి, కంగారుపడక్కర్లేదు.

ఈ లెక్క అన్ని తీరాలకూ ఒకేలా కుదరదు. మెక్సికో సింధుశాఖలో చాలాచోట్ల రోజుకు ఒకే పోటు, ఒకే ఆటు. మధ్యధరా తీరంలో చాలా భాగాన తేడా అసలు తెలియనంత తక్కువ. కెనడాలోని ఫండీ అఖాతంలో అదే తేడా 16 మీటర్ల దాకా ఉంటుంది. మీ తీరంలో ఆటుపోట్లు నామమాత్రమైతే ఎండనూ గాలినీ టైంటేబుల్‌గా పెట్టుకోండి. ఆ సంగతి కిందకొస్తుంది.

ఒక వారం ఒడ్డు, ఒక వారం ఊరు

రోజుకు 50 నిమిషాల చొప్పున జరిగే టైము వెంట మనమూ జరిగితే నిద్ర పాడవుతుంది, మందుల వేళలు తప్పుతాయి. కొందరు ఉత్సాహంతో అలాగే మొదలుపెట్టి పది రోజులకే మానేస్తారు. భోజనం, మాత్రలు, నిద్ర కదలకూడదు. కదలాల్సింది షికారు ఒక్కటే.

లెక్క ఇది. సాయంత్రం 4 గంటలకు నీరు తగ్గే రోజుతో మొదలుపెడదాం. మూడు నాలుగు రోజులు సాయంత్రపు నడకకు బాగుంటుంది. ఆటు సాయంత్రం ఆరున్నర దాకా జరిగేసరికి, తెల్లవారుజామున వచ్చే రెండో ఆటు ఉదయం ఆరు గంటల ప్రాంతానికి వచ్చి ఉంటుంది. అక్కడి నుంచి ఇంకో మూడు నాలుగు రోజులు పొద్దున్నే వెళ్లండి. మొత్తం వారం రోజులు ఒడ్డు మీది. ఆ తర్వాత వారం నీరు మిట్టమధ్యాహ్నమో అర్ధరాత్రో తగ్గుతుంది. ఆ వేళల్లో మనకు అక్కడ పని లేదు. పదిహేను రోజులకు చక్రం మళ్లీ మొదటికొస్తుంది.

ఆ రెండో వారాన్ని ఊరికి ఇవ్వండి. బ్యాంకు, పెన్షన్ పనులు, డాక్టరు, లైబ్రరీ, పాత సహోద్యోగుల ఇళ్లు అన్నీ అందులో సర్దుకుంటాయి. షికారు మానక్కర్లేదు కూడా. నీరు మధ్యాహ్నం తగ్గుతోందంటే ఉదయం, సాయంత్రం నిండుగా ఉంటుందని కదా. బురద మేటల మీద మేసే పక్షులు పోటుకు నేల మునిగేసరికి ఒడ్డుకు దగ్గరగా గుంపులు కడతాయి. బైనాక్యులర్స్ ఉంటే బెంచీ మీద కూర్చునే చూడొచ్చు. ఏటి మొగల్లో, మడ అడవుల పాయల్లో పడవలు తేలిగ్గా లోపలికి వెళ్లేదీ నీరు నిండినప్పుడే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, నన్నడిగితే, ఇసుక నడకకన్నా ఈ వారమే బాగుంటుంది.

ఇంకో మాట. ఇన్నేళ్లూ మీరు బడిలో ఉన్న పగటిపూట ఇంట్లో వేరే టైంటేబుల్ నడిచింది. మీ కొత్త పట్టిక ఫ్రిజ్ మీద అంటించే ముందు ఇంట్లోవాళ్లతో ఒకసారి మాట్లాడండి. ఆ ఇంటికి హెడ్మాస్టరు మీరు కాకపోవచ్చు.

తిరుగు టైము ముందే లెక్కకట్టండి

ఎప్పుడు బయల్దేరాలన్నదానికన్నా ఎప్పుడు వెనక్కి తిరగాలన్నది ముఖ్యం. నీరు ఆరు గంటలపాటు ఒకే వేగంతో పెరగదు. సముద్రం మీద పనిచేసేవాళ్లు వాడే పన్నెండో వంతుల సూత్రం ఒకటుంది. మొత్తం పెరిగే ఎత్తును పన్నెండు భాగాలు చేస్తే మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి.

తేడా 2.4 మీటర్లనుకోండి. మొదటి గంటలో నీరు పెరిగేది 20 సెంటీమీటర్లే, ఏమీ జరగనట్టే ఉంటుంది. రెండో గంటలో 40. మూడు, నాలుగు గంటల్లో 60 చొప్పున. అంటే ఆ రెండు గంటల్లోనే సగం నీరు వచ్చేస్తుంది. రాళ్ల అవతలికో, కొండ కొమ్ము చుట్టూ తిరిగి పక్క ఒడ్డుకో వెళ్లినవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే. మొదటి గంట ప్రశాంతంగా ఉందని కూర్చుండిపోతారు, లేచేసరికి వచ్చిన దారి ఉండదు.

కాబట్టి నీరు పూర్తిగా తగ్గే టైముకు గంటన్నర, రెండు గంటలు ముందు బయల్దేరి, సరిగ్గా ఆ టైముకు వెనక్కి తిరగండి. ఆటు 7.30కి అయితే ఆరింటికల్లా ఒడ్డున ఉండాలి, 7.30కి ముఖం ఇంటివైపు ఉండాలి. ఆ తిరుగు టైము ఇంట్లో చెప్పి వెళ్లండి. "బీచ్‌కి వెళ్తున్నా" అంటే ఎవరికీ ఏమీ చెప్పినట్టు కాదు.

ఇసుక మీద నడక

పొడి ఇసుకలో నడవడానికి గట్టి నేలమీద కన్నా రెట్టింపు పైనే శక్తి కావాలి. రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు సునాయాసంగా నడిచేవాళ్లు కూడా ఇక్కడ ఒక కిలోమీటరుతో మొదలుపెట్టడం మంచిది. నీరు తగ్గాక మిగిలిన తడి ఇసుక గట్టిగా ఉంటుంది, నడక అక్కడే.

ఒడ్డు సముద్రంవైపు వాలి ఉంటుంది కాబట్టి వెళ్లేటప్పుడు ఒక కాలు పల్లంలో పడుతుంది, వచ్చేటప్పుడు రెండోది. అందుకే వెళ్లిన ఒడ్డునే నడిచి రావాలి. ఒకవైపే నడిచి ఆటో ఎక్కి ఇంటికొచ్చారంటే మర్నాడు తుంటి ఒకవైపే నొప్పి పెడుతుంది. గాలి బలంగా ఉంటే ముందు ఎదురుగాలికి వెళ్లండి, అలసిన కాళ్లతో తిరిగొచ్చేటప్పుడు అది వీపు నెడుతుంది.

షుగర్ ఉన్నవాళ్లు ఉత్త కాళ్లతో నడవొద్దు. స్పర్శ తగ్గిన పాదానికి కాలిన ఇసుకా తెలియదు, గుచ్చుకున్న గుల్లా తెలియదు.

ఎండ సంగతికొస్తే, తీరంలో మోసం ఎక్కువ. పొద్దెక్కేకొద్దీ నేల నీటికన్నా త్వరగా వేడెక్కుతుంది, దాని మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. మధ్యాహ్నం అది బాగా వీస్తుంటే చర్మం కమిలిపోతున్నా తెలియదు. అతినీలలోహిత కిరణాల్లో సుమారు 15 శాతాన్ని ఇసుక, 25 శాతాన్ని అలల నురగ తిప్పికొడతాయి, కాబట్టి గొడుగు కింద ఉన్నా పూర్తి రక్షణ కాదు. గడియారం అక్కర్లేని గుర్తు ఒకటుంది: మీ నీడ మీకన్నా పొట్టిగా ఉంటే ఎండ గట్టిగా ఉన్నట్టు, నీడకు వెళ్లిపోండి.

సంచిలో ఏముండాలి

నీళ్లు, గడ్డం కింద కట్టుకునే తాడున్న టోపీ, రోజువారీ మాత్రల్లో ఒక పూటవి, ఒక జత పొడి చెప్పులు, పేరూ ఇంటి ఫోన్ నంబరూ రాసిన చీటీ. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్రలు వాడేవాళ్లు ఎంత నీరు తాగాలో డాక్టరును ముందే అడగాలి. టాయిలెట్ ఎక్కడుందో చూసుకోకుండా ఎక్కడికీ బయల్దేరకండి. పెద్దవాళ్ల షికార్లు చాలావరకు కుదించుకుపోయేది దీనివల్లే, పైకి ఎవరూ చెప్పరు.

కళ్లజోడు గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. ఒడ్డున గంట ఉంటే అద్దాల మీద సన్నటి ఉప్పుపొర పేరుకుంటుంది, అందులో కంటికి కనిపించని ఇసుక నలుసులుంటాయి. చీర చెంగుతోనో చొక్కా అంచుతోనో తుడిచారంటే గీతలు పడటం ఖాయం. ముందు మంచినీళ్లు ధారగా పోసి ఉప్పు కరగనివ్వాలి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డతో అద్దాలి. మడత దగ్గరి చిన్న స్క్రూ మీద కూడా నీళ్లు పోయండి, ముందుగా తుప్పు పట్టేది అదే. వినికిడి యంత్రానికి మాత్రం నీళ్లు తగలకూడదు. ఇంటికి రాగానే పొడి గుడ్డతో తుడిచి, బ్యాటరీ అర తెరిచి ఆరనివ్వాలి.

వెళ్లకూడని రోజులు

మెరుపుకూ ఉరుముకూ మధ్య అంకెలు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్ఫై లోపే ఉరిమిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది, ఒడ్డు వదిలి పక్కా భవనంలోకి వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. చదునైన ఇసుక మీద నిలువుగా ఉండేది మనిషొక్కడే.

తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు పట్టికను నమ్మొద్దు. అది సూర్యచంద్రుల లెక్క, గాలి లెక్క కాదు. వాయుపీడనం ఒక హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) పడిపోతే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది, గాలి తోసే నీరు అదనం.

మనవల్ని తీసుకెళ్తే

పాఠం చెప్పకండి. కష్టమే, తెలుసు. ఒక ప్రశ్న వేసి ఊరుకోండి. "అదిగో, ఆ నీళ్లూ ఆకాశం కలిసే గీత ఎంత దూరం ఉంటుంది?" అని అడగండి. వంద కిలోమీటర్లనే చెబుతారు. కంటి ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. నేలమీద నిలబడిన పెద్దమనిషి కంటి ఎత్తు 1.6 మీటర్లయితే ఆ గీత నాలుగున్నర కిలోమీటర్లే. 30 మీటర్ల లైట్‌హౌస్ ఎక్కితే దాదాపు 20. ఇసుకలో పుల్లతో వాళ్లనే చేయనివ్వండి.

రంగురంగుల శంఖాలను పైనుంచి చూడటమే మంచిది. వేడి సముద్రాల్లోని కోను గుల్లల్లో ప్రాణి బతికుంటే కుడుతుంది, ఆ విషం మనిషిని చంపగలదు. చచ్చి ఒడ్డున పడ్డ జెల్లీఫిష్ కూడా కుట్టగలదు. నీళ్లలోకి దిగే ముందు అలలు విరగని, ప్రశాంతంగా కనిపించే సందు ఉందేమో చూడండి. పిల్లలు అదే మంచిచోటని పరిగెత్తుతారు. చాలాసార్లు నీరు లోపలికి లాక్కుపోయే ప్రవాహం అక్కడే ఉంటుంది. అందులో పడితే ఒడ్డువైపు ఎదురీదకూడదు, ఒడ్డుకు సమాంతరంగా ఈదుతూ పక్కకు బయటపడాలి.

2004 డిసెంబరు 26న థాయిలాండ్‌లోని ఫుకెట్ తీరంలో టిల్లీ స్మిత్ అనే పదేళ్ల బ్రిటిష్ అమ్మాయి సముద్రం నురగలు కక్కుతున్న తీరు చూసి సునామీ వస్తోందని గుర్తుపట్టింది. అంతకు రెండు వారాల ముందే బడిలో జాగ్రఫీ క్లాసులో విన్న పాఠమది. ఆమె పట్టుబట్టడంతో ఆ బీచ్‌లో ఉన్న వందమంది దాకా బయటపడ్డారు. మనవలకు ఈ కథ తప్పక చెప్పండి, గుర్తులు కూడా చెప్పండి: నిలబడలేనంతగా లేదా చాలాసేపు నేల కంపించడం, పట్టికలో లేని వేళ నీరు ఉన్నట్టుండి వెనక్కి పోవడం, సముద్రం నుంచి పెద్ద హోరు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా సైరన్ కోసం ఎదురుచూడకుండా ఎత్తైన చోటికి నడవాలి. మొదటి అల వెళ్లిపోయిందని కిందికి దిగకూడదు, తర్వాత వచ్చేవి ఇంకా పెద్దవి కావచ్చు, గంటల తరబడి రావచ్చు. అధికారులు చెప్పేదాకా పైనే ఉండాలి.