అప్‌గ్రేడ్ తర్వాత వైఫై పోతే

విండోస్ అప్‌గ్రేడయ్యాక ల్యాప్‌టాప్‌లో వైఫై గుర్తే మాయం. డ్రైవర్ (వైఫైని నడిపించే సాఫ్ట్‌వేర్) వేయాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి!

ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాను. నెట్ వచ్చేసింది. ఫోన్ ఇంటి వైఫైలో ఉంటే మొబైల్ డేటా కూడా ఖర్చవదు, ఈ సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది. కేబుల్ మాత్రం చార్జింగ్‌కే పనికొచ్చే రకం కాకూడదు.

తర్వాత స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్, డివైస్ మేనేజర్, నెట్‌వర్క్ అడాప్టర్స్. అక్కడ వైఫై పేరు మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ కొట్టి, రీస్టార్ట్ చేయండి. డ్రైవర్ మళ్లీ ఎక్కుతుంది. ఎక్కకపోతే ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్‌ది దించుకోండి.

ఆ లిస్టులో అసలు వైఫై పేరే లేకపోతే మాత్రం ఈ అన్‌ఇన్‌స్టాల్ పద్ధతి కుదరదు. ముందు కంపెనీ సైట్‌లోని డ్రైవర్ వేసి చూడండి. అప్పటికీ రాకపోతే ల్యాప్‌టాప్ లోపలి వైఫై కార్డే పాడై ఉండొచ్చు, రిపేర్ షాపులో చూపించండి.