చిప్ కంపెనీ త్రైమాసిక ఫైలింగ్ చదవడం – 4వ పాఠం: గోడౌన్‌లో ఏముంది?

పోయిన పాఠంలో ఆదాయ పట్టిక దగ్గర ఆగాం. మెమరీ చిప్‌లు చేసే అమెరికా కంపెనీ మైక్రాన్ 2023 మార్చి 2తో ముగిసిన త్రైమాసికానికి ఇచ్చిన 10-క్యూ (అక్కడి కంపెనీల త్రైమాసిక ఫైలింగ్ పేరు) అది. అమ్మకాలు 369.3 కోట్ల డాలర్లు. అమ్మిన సరుకు ఖర్చు 489.9 కోట్లు. అంటే వంద డాలర్ల అమ్మకానికి ఖర్చే 133 డాలర్లు. ఇదెలా జరిగిందో ఆదాయ పట్టిక చెప్పదు. అందుకని ఇవాళ నోట్స్‌లోకి, అంటే పట్టికల వెనక ఇచ్చే వివరణల్లోకి దిగుదాం.

దిగేముందు చిన్న చిట్కా. ఫైలింగ్‌లో అంకెలు మిలియన్లలో ఉంటాయి. పది మిలియన్లు ఒక కోటి కాబట్టి 1,426 అని కనిపిస్తే చివరి అంకె ముందు చుక్క పెట్టుకుని 142.6 కోట్లు అని చదువుకోండి. ఈ 1,426ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీనితోనే పని.

‘ఇన్వెంటరీస్’ అనే నోటులో మూడు వరసలు ఉంటాయి: తయారైన సరుకు, తయారీలో ఉన్న సరుకు, ముడి సరుకు. మైక్రాన్‌కి మధ్య వరసే పెద్దది. వేఫర్ (చిప్‌లు చెక్కే పల్చటి సిలికాన్ బిళ్ల) ఫ్యాబ్‌లోకి, అంటే చిప్ ఫ్యాక్టరీలోకి వెళ్లాక చిప్‌గా బయటికి రావడానికి నెలలు పడుతుంది. రాత్రి పిండి రుబ్బి పొద్దున ఇడ్లీ వేసుకునే వ్యవహారం కాదు. 2022 నవంబరులో వేఫర్ల ఉత్పత్తిని సుమారు 20 శాతం తగ్గిస్తున్నామని కంపెనీ ప్రకటించింది. కానీ అప్పటికే లోపలికి వెళ్లిన వేఫర్లు ఆగవుగా! ఫోన్లు, కంప్యూటర్లు కొనేవాళ్లు తగ్గి మెమరీ ధరలు పడిపోతున్నా సరుకు వస్తూనే ఉంది.

ఇప్పుడు 142.6 కోట్ల సంగతి. గుంటూరులో ఒక వ్యాపారి మిర్చి క్వింటాలు 20,000కి కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టాడనుకోండి. రేటు 14,000కి పడిపోయింది. మనవాడు రేటు లేస్తుందిలే అని పుస్తకంలో 20,000గానే ఉంచేశాడనుకోండి. చిప్ కంపెనీకి ఆ వెసులుబాటు లేదు. పెట్టిన ఖర్చు, అమ్మితే చేతికొచ్చే మొత్తం, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అదే రాయాలి. ఆ తేడా 6,000ని అప్పటికప్పుడు అమ్మిన సరుకు ఖర్చులో కలిపేయాలి, ఒక్క బస్తా అమ్మకపోయినా సరే. దీన్నే రైట్‌డౌన్ అంటారు. మైక్రాన్ ఆ త్రైమాసికంలో ఇలా తగ్గించి రాసిందే 142.6 కోట్ల డాలర్లు.

తొందరలో చదివేవాళ్లు బోల్తాపడే చోటు ఇదే. కాగితం, పెన్ను తీసుకోండి.

చేతిలో ఉన్న సరుకు ఎన్ని రోజుల అమ్మకానికి సరిపోతుందో చూడాలంటే త్రైమాసికం మొదట్లో, చివర్లో ఉన్న నిల్వల సగటును అమ్మిన సరుకు ఖర్చుతో భాగించి, త్రైమాసికంలోని రోజులు 91తో గుణించాలి. మొదట్లో 835.9 కోట్లు, చివర్లో 812.9 కోట్లు. సగటు 824.4. దాన్ని 489.9తో భాగించి 91తో గుణిస్తే 153 రోజులు. అంతకుముందు త్రైమాసికానికి ఇదే లెక్క వేస్తే 214 వస్తుంది. అబ్బో, రెండు నెలల సరుకు తగ్గిపోయింది!

తగ్గింది సరుకు కాదు, దాని మీద అతికించిన ధర. పైగా ఆ 142.6 కోట్లు లెక్కను రెండు వైపులా తిప్పేశాయి. పైన నిల్వ విలువ తగ్గింది, కింద ఖర్చు పెరిగింది. రెండూ రోజుల్ని తగ్గించేవే. ఆ ముక్క తీసేసి మళ్లీ వేయండి. చివరి నిల్వ 955.5, సగటు 895.7, ఖర్చు 347.3. జవాబు 235 రోజులు. తగ్గింది అనుకున్న కుప్ప నిజానికి పెరిగింది. రోజుల లెక్క ఎవరు చెప్పినా, అందులో రైట్‌డౌన్ ఉందా లేదా అని ముందు అడగమనేది ఇందుకే.

ఇంకో మెలిక ఉంది, నా దృష్టిలో దీనికంటే ముఖ్యమైనది. మన మిర్చి వ్యాపారి కూడా ఇలాగే పుస్తకంలో 14,000కి తగ్గించి రాశాడనుకుందాం. ఆ సరుకును తర్వాత 15,000కి అమ్మితే, పుస్తకం క్వింటాలుకు 1,000 లాభం చూపిస్తుంది. అసలు పెట్టింది 20,000 అని ఆ పేజీలో ఎక్కడా ఉండదు. చిప్ కంపెనీ మార్జిన్ (అమ్మకాల్లో సరుకు ఖర్చు పోను మిగిలే శాతం) కోలుకుందని వార్త వచ్చినప్పుడు, అందులో కొంత ఇలాంటి లాభం ఉండొచ్చు. మన దేశపు పద్ధతిలో ధర మళ్లీ పెరిగితే తగ్గించిన విలువను తిరిగి పెంచి రాసి, అది వెల్లడించే వీలుంది. అమెరికా పద్ధతిలో సాధారణంగా అలా కుదరదు. సరుకు అమ్ముడుపోయే దాకా ఆ లాభం నిల్వలోనే దాక్కుని ఉంటుంది.

ఇంటి పని: 2023 జూన్ 1తో ముగిసిన మైక్రాన్ 10-క్యూ తెరవండి. స్థూల మార్జిన్ మైనస్ 32.7 శాతం నుంచి మైనస్ 17.8కి చేరింది. అందులో రెండు అంకెలు వెతకాలి. కొత్తగా తగ్గించి రాసింది ఎంత? ఇంతకుముందు తగ్గించి రాసిన సరుకు అమ్ముడుపోవడం వల్ల కలిసొచ్చింది ఎంత? రెండూ నోట్‌బుక్‌లో పక్కపక్కన రాసుకుని రండి, 5వ పాఠం ఆ పేజీ నుంచే మొదలు.