ఖాళీ మూసుకోవట్లేదా? ముందు తీగ జారుతోందో లేదో చూడండి

పళ్లకి క్లిప్పులు (బ్రేసెస్) వేసే చికిత్సలో, ప్రీమోలార్ (కోరపన్ను వెనకుండే చిన్న దవడ పన్ను) తీసిన ఖాళీ నెలకు సుమారు 1 మిల్లీమీటరు మూసుకోవాలి. కదలట్లేదని వెంటనే బలం పెంచేయకండి. 022 స్లాట్‌లో (పన్నుకి అతికించే బ్రాకెట్‌లో తీగ కూర్చునే 0.022 అంగుళాల గాడి) వేసిన 19×25 (0.019×0.025 అంగుళాల) స్టీలు తీగ, మోలార్ ట్యూబ్ (వెనకున్న పెద్ద దవడ పన్నుకి అతికించే చిన్న గొట్టం) వెనక పొడుచుకొస్తోందా? రాకపోతే ఎక్కడో పట్టేసినట్టే: బ్రాకెట్ ఒరిగి ఉండొచ్చు, ట్యూబ్ నోరు నొక్కుకుపోయి ఉండొచ్చు, పైపన్ను కింది బ్రాకెట్‌కి తగులుతుండొచ్చు. ఈ తీగ వేశాక నెల రోజులు ఊరికే వదిలేసి, అప్పుడు లాగడం మొదలుపెట్టాలి. 150 గ్రాములు చాలు, మహా అయితే 200. మించితే పళ్లు ఖాళీలోకి వాలిపోయి తీగ ఇంకా బిగుస్తుంది.

పాడేరు, అరకు నుంచి వైజాగ్ వచ్చే పేషెంట్లకైతే పవర్ చైన్ (సాగే రబ్బరు గొలుసు) కన్నా నైటై (నికెల్-టైటానియం) కాయిల్ స్ప్రింగే మేలు. చైన్ మొదటి రోజే సగం దాకా పట్టు కోల్పోతుంది. స్ప్రింగ్ ఆరు వారాలైనా లాగుతూనే ఉంటుంది. ఖరీదెక్కువే, కానీ వాళ్లకి ఘాట్ రోడ్డు ప్రయాణాలు తగ్గుతాయి.