ఆస్తమా ఉండి బరువు తగ్గే ఆపరేషన్‌కి వెళ్లాలనుకుంటే

"ఆపరేషన్ అయిపోతే పంపు మానేయొచ్చా అక్కా?" మా కర్రీ పాయింట్‌కి వచ్చే ఆడవాళ్లలో చాలామంది నన్నడిగేది ఇదే. పంపు అంటే ఆస్తమాకి నోట్లో పీల్చే ఇన్‌హేలర్. మాది నెల్లూరు, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. నలభై దాటాక ఆస్తమా పట్టుకుంది, బేరియాట్రిక్ సర్జరీ తర్వాత బాగా తగ్గింది. అందరికీ నాకు తగ్గినట్టే తగ్గదు, అందుకే ఇది రాస్తున్నా.

ముందు మీది ఏ రకమో తేల్చుకోండి. చిన్నప్పటి నుంచీ తుమ్ములు, ఎలర్జీ, ఉబ్బసం ఉండి తర్వాత లావైనవాళ్లు ఒక రకం. ముందు బరువు పెరిగి, నడివయసులో ఆయాసం మొదలైనవాళ్లు ఇంకో రకం. వీళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, ఎలర్జీ పెద్దగా కనిపించదు. గాలి గొట్టాలు చిన్న ఘాటుకే బిగుసుకుపోయే గుణం బరువు తగ్గాక ఈ రెండో రకంలోనే బాగా తగ్గుతుంది. మొదటి రకంవాళ్లకి ఆయాసం తేలికపడొచ్చు కానీ ఆ గుణం అంతగా మారదు. కాంగ్రెస్ గడ్డి పుప్పొడి పడనివాళ్లకి పొట్ట కోయించుకున్నంత మాత్రాన బెంగళూరు గాలి మారదు కదా.

ఇది తేలాలంటే రక్తంలో ఎలర్జీ జాడ చెప్పే ఐజీఈ, ఈసినోఫిల్స్ పరీక్షలు, పంపు కొట్టకముందు ఒకసారి, కొట్టాక ఒకసారి స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి బలం కొలిచే పరీక్ష) చేయించాలి. కొందరిది అసలు ఆస్తమానే కాదు, ఉత్త బరువు ఆయాసం. ఏళ్ల తరబడి పంపు వాడాక ఆ సంగతి బయటపడినవాళ్లూ ఉంటారు. ప్రైవేటులో ఖర్చెక్కువ అనిపిస్తే నిమ్హాన్స్ దగ్గర్లోనే ప్రభుత్వ రాజీవ్ గాంధీ ఛాతీ వ్యాధుల సంస్థ ఉంది.

బరువుకీ ఊపిరికీ లంకె ఇదీ. పొట్ట కొవ్వు డయాఫ్రమ్‌ని (ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొరని) కిందనుంచి పైకి తోస్తుంది. ఊపిరితిత్తులు పూర్తిగా తెరుచుకోవు, చివరి సన్న గొట్టాలు మూసుకుపోతాయి. కొవ్వులోంచి వచ్చే లెప్టిన్ లాంటి హార్మోన్లు వాపు పెంచుతాయి. పైగా లావున్నవాళ్లలో స్టెరాయిడ్ పంపు కాస్త తక్కువగా పనిచేస్తుంది. గుండెల్లో మంట, నిద్రలో ఊపిరి ఆగడం ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అమెరికాలో మూడు రాష్ట్రాల ఆసుపత్రి రికార్డులు చూస్తే, సర్జరీకి ముందు ఏడాదిలో ఆస్తమా ముదిరి ఎమర్జెన్సీకో అడ్మిషన్‌కో వెళ్లినవాళ్లు సుమారు 22 శాతం, తర్వాతి ఏడాదిలో 11 శాతం. సగానికి తగ్గింది, సున్నా కాలేదు. మీ ఆశ కూడా అంతవరకే ఉంచుకోండి. ఒంటి బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా ఆస్తమా అదుపు మెరుగవుతుంది, కాబట్టి కత్తిదాకా వెళ్లకుండానే పనైపోయేవాళ్లూ ఉన్నారు.

ఇన్సూరెన్స్ సంగతి డాక్టర్లు చెప్పరు, నేను చెప్తా. మన పాలసీల నిబంధన ప్రకారం బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 40 గానీ అంతకు మించి గానీ ఉండాలి. లేదా 35 గానీ అంతకు మించి గానీ ఉండి, తిండీ వ్యాయామాలతో తగ్గక, తీవ్రమైన జబ్బు తోడుండాలి. ఆ జబ్బుల జాబితాలో గుండె జబ్బులు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం), అదుపులో లేని టైప్ 2 షుగర్ ఉన్నాయి. ఆస్తమా లేదు! కాబట్టి నిద్రలో గురకా, ఊపిరి ఆగడం ఉంటే స్లీప్ స్టడీ చేయించి ఆ కాగితం దగ్గరపెట్టుకోండి. ఆపరేషన్‌కి అదెలాగూ కావాల్సిందే.

ఏ ఆపరేషన్ అన్నది సర్జన్‌ని సూటిగా అడగండి. స్లీవ్ (జీర్ణాశయంలో చాలా భాగం కోసి సన్న గొట్టంలా చేసేది) తర్వాత కొందరికి పులితేన్పులు, గుండెమంట ఎక్కువవుతాయి, అది ఆస్తమాకి మంచిది కాదు. ఇప్పటికే మంట బాగా ఉన్నవాళ్లకి బైపాస్ (గుండెది కాదు, జీర్ణాశయాన్ని చిన్నది చేసి పేగుకి కలిపేది) వైపు మొగ్గుతారు. అయితే బైపాస్ అయ్యాక బ్రూఫెన్, కాంబిఫ్లామ్ లాంటి నొప్పి మాత్రలు దూరం పెట్టాలి, పుండ్లు పడతాయి. ఆస్తమావాళ్లలో కొందరికి అవి ముందునుంచే పడవు. మాటిమాటికీ స్టెరాయిడ్ మాత్రలు మింగాల్సి వచ్చినా ఆ పుండ్ల భయం ఉంది. డెరిఫిలిన్ రిటార్డ్ లాంటి నెమ్మదిగా కరిగే ఆస్తమా మాత్రలు వాడుతుంటే ఆపరేషన్ తర్వాత ఒంటికి పట్టే తీరు మారొచ్చు, ఆ ముక్క కూడా ముందే చెప్పండి.

ఆపరేషన్ తేదీకి ముందే ఆస్తమా అదుపులోకి రావాలి. పిల్లికూతలు వినిపిస్తుంటే వాయిదా వేయించుకోండి, ముహూర్తం చూసి పెట్టించుకున్నా సరే. గత ఆరు నెలల్లో రెండు వారాలకు మించి స్టెరాయిడ్ మాత్రలు వాడి ఉంటే మత్తు డాక్టర్‌కి చెప్పి తీరాలి. రోజూ వాడే పంపుని ఆపరేషన్ రోజు ఉదయం కూడా వాడమంటారు. మూడు బంతులుండే ఊపిరి వ్యాయామం పరికరాన్ని ఆపరేషన్‌కి ముందే అలవాటు చేసుకోండి. పొట్ట నొప్పితో పడుకున్నప్పుడు కొత్తగా నేర్చుకోవడం కష్టం.

ఒక పీక్ ఫ్లో మీటర్ (ఎంత వేగంగా ఊదగలరో కొలిచే చిన్న గొట్టం) కొనుక్కోండి, కొన్ని వందల్లో వస్తుంది. పొద్దున, రాత్రి ఊది అంకె రాయండి. పక్కనే ఆస్తాలిన్ (ఆయాసం వచ్చినప్పుడు కొట్టే పంపు) ఎన్నిసార్లు కొట్టారో, రాత్రి ఆయాసంతో లేచారా లేదా అన్నదీ రాయండి. నేను షాపు పద్దుల పుస్తకంలోనే వెనక పేజీల్లో రాసేదాన్ని, మిరపకాయల పోపు పెట్టిన రోజుల ఎదుట ఒక చుక్క పెట్టి. బరువు తగ్గుతున్నప్పుడు ఒళ్లు తేలికై అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. బాగున్నది గాలి గొట్టాలా, మోకాళ్లా అన్నది ఆ అంకెలు చెప్తాయి. మెట్రో పనుల దుమ్ముకి పడిపోయిన అంకెని చూసి ఆపరేషన్ పనిచేయలేదనుకునే టెన్షన్ కూడా తప్పుతుంది.

తర్వాత పంపు సొంతంగా మానొద్దు. "అలవాటైపోతుంది, మానెయ్యవే" అని మా అమ్మ ఫోన్‌లో ఇప్పటికీ అంటుంది. మూడు నెలల పాటు అదుపులో ఉంటే డాక్టర్ స్టెరాయిడ్ డోసుని నాలుగో వంతు నుంచి సగం దాకా తగ్గించి చూస్తారు, అంకెలు నిలబడితే మళ్లీ కొంత. నాకు ఫొరాకార్ట్ (రోజూ వాడే స్టెరాయిడ్ పంపు) తగ్గింది, పూర్తిగా పోలేదు. బరువు తిరిగి పెరిగితే ఆయాసమూ తిరిగి రావొచ్చు. అంకె మీ మంచి రోజుల అంకెలో సగానికి పడిపోయినా, ఆస్తాలిన్ కొట్టినా ఊపిరి అందకపోయినా పుస్తకం పక్కనపెట్టి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. ఆపరేషన్ అయిన కొత్తలో ఆయాసం, ఛాతీ నొప్పి, గుండెదడ వస్తే అది ఆస్తమా అని ఇంట్లో కూర్చోకండి. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కావొచ్చు, పొట్టలో కుట్టు లీకవడమూ కావొచ్చు.