చిన్న ఆలోచనను కార్యరూపంలోకి తేవడం ఎలా

నీటి కింద తిరిగిన జలాంతర్గామిని ఒడ్డుకు చేర్చి జనానికి చూపించాలన్నది ఒక్క వాక్యంలో ఇమిడిపోయే ఆలోచన. 2001 ఫిబ్రవరిలో నౌకాదళ సేవల నుంచి విరమించిన ఐఎన్ఎస్ కురుసుర, 2002 ఆగస్టులో విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా తెరుచుకుంది. 91 మీటర్ల ఆ ఉక్కు నౌక ఇసుక మీదికి వచ్చిందంటే, ఏ రోజు ఏ పని ఎవరు చేయాలో ఎవరో కూర్చుని విడగొట్టుకున్నారన్నమాట. మన చిన్న ఆలోచనలకూ ఆ విడగొట్టుకోవడమే ముఖ్యం.

చోడి (రాగి) అంబలినే ఉదాహరణగా తీసుకుందాం. "ఆరోగ్యకరమైన ఆహార వ్యాపారం పెట్టాలి" అని రాసుకుంటే రేపు పొద్దున్నే ఏం చేయాలో తెలియదు. "వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి, బీచ్ రోడ్డులో నాతో కలిసి నడిచేవారికి ముప్పై గ్లాసుల అంబలి ఇవ్వాలి" అని రాసుకుంటే పని దానంతటదే కనిపిస్తుంది: గ్లాసుకు 200 మిల్లీలీటర్ల లెక్కన ఆరు లీటర్లు, దానికి సుమారు అరకిలో చోడి పిండి, మజ్జిగ, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, ఒక మూత గిన్నె.

శనివారం రాత్రి పిండిని నీళ్లలో కలిపి పులియబెట్టండి. మన సముద్రతీరపు ఉక్కలో పులుపు త్వరగా ఎక్కుతుంది కాబట్టి, మే నెలలో సాయంత్రమే కలపకుండా పడుకోబోయే ముందు కలపడం మేలు. తెల్లవారుజామున ఉడికించి పూర్తిగా చల్లారనివ్వండి. మజ్జిగ మాత్రం అక్కడికి వెళ్లాకే కలపండి.

ఈ మొదటి విడత ఉచితంగానే ఇవ్వండి, కానీ ఎలా ఉందని అడగకండి. మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు. గ్లాసు అడుగున ఎంత మిగిలిందో, మళ్లీ ఎప్పుడు తెస్తారని ఎవరు అడిగారో గమనించి, ఇంటికి రాగానే నోటుపుస్తకంలో రాయండి. నా దృష్టిలో ఈ పుస్తకమే అసలు పెట్టుబడి. వారానికి ఒక్క మార్పే చేయండి. ఉప్పు, పులుపు, చోటు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

ఇంకో మాట: ఆలోచనను ఊరందరికీ చెప్పకండి. గిన్నె మోయడానికి తోడువచ్చే మనిషికి, రుచి గురించి మొహం మీదే చెప్పగల మనిషికి చెబితే చాలు.

అమ్మకం మొదలుపెట్టే ముందు ఆహార భద్రతా విభాగంలో చిన్న వ్యాపారిగా నమోదు చేయించుకోవాలి. వీధి వ్యాపారులకు 2014 నాటి కేంద్ర చట్టం రక్షణ ఇస్తుంది కనుక, ఎక్కడ నిలబడవచ్చో విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కార్యాలయంలో ముందే కనుక్కోండి. ధర కట్టేటప్పుడు గ్యాసు, ఆటో కిరాయితో పాటు మీ కష్టానికీ కూలి వేసుకోండి; చాలామంది దీన్నే వదిలేసి, లాభం వస్తోందనుకుంటూ అలసిపోతారు. అప్పు అవసరమైతే, వీధి వ్యాపారులకు పూచీకత్తు లేకుండా రుణమిచ్చే పీఎం స్వనిధి పథకం 2020 నుంచి ఉంది; అయితే పుస్తకంలో రోజూ వచ్చే మనుషులు కనిపించాకే ఆ వైపు చూడండి.

నాలుగో ఆదివారం మీరు గిన్నె దించకముందే ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడితే, బుధవారం కూడా మొదలుపెట్టవచ్చు. ఎవరూ రాకపోతే అంబలిని మార్చకముందు చోటు మార్చి చూడండి. ఎంవీపీ కాలనీ రైతుబజారుకు పొద్దున్నే కూరగాయల కోసం వచ్చేవారి ఆకలి వేరు, తొందర వేరు.